పక్కకు నడిచే బండి

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి పోయే దారిలో పాండూరు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ, ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో మాట ఇంకా తెలుగే. అలాంటి ఒక ఇంట్లో మేస్త్రి తాత ఉండేవాడు.

వయసులో ఉండగా షోళవరంలో రేసు బండ్ల కింద దూరి ఒళ్ళంతా గ్రీజు పూసుకున్న మనిషి. షోళవరం అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం పోయింది, విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని రేసులకు వాడుకుంది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తయారయ్యేదాకా మద్రాసు రేసులంటే షోళవరమే. అక్కడి నుంచి తాతకు ఒక అలవాటు మిగిలింది. ఏ బండిని చూసినా ఎంత వేగం పోతుందని అడగడు. ఆగిపోతే ఎవరు బాగుచేస్తారని అడుగుతాడు.

తాతకు ముగ్గురు మనవలు. పెద్దోడు, నడిపోడు, చిన్నది. ముగ్గురికీ ఒకటే పిచ్చి, డ్రిఫ్టింగు. వెనక చక్రాలు పట్టు వదిలి జారుతుంటే స్టీరింగు ఎదురు తిప్పి, ఆ జారుడును యాక్సిలరేటర్‌తో నిలబెట్టి, బండిని అడ్డంగా నడిపిస్తూ మలుపు దాటించడం. చూసేవాళ్ళకు బండి అదుపు తప్పినట్టుంటుంది. నడిపేవాడికి మాత్రం పాదం కిందా అరచేతుల్లోనూ లెక్క ఉంటుంది.

ఒకరోజు తాత ముగ్గుర్నీ అరుగు మీద కూచోబెట్టాడు.

“రోడ్డు వెడల్పుకు పోయిన నేలకు దుడ్డు వచ్చింది. తలా లక్షన్నర ఇస్తా. మీకు నచ్చిన బండి కొనుక్కోండి. హైవే మీద ఒక్క మూర పక్కకు జారినా తాళంచెవి నా మొలతాడుకు కడతా. జారాలంటే మిల్లు కళ్ళం ఉండాది, ఆడికి పోండి. వచ్చే ఆడికృత్తిక పండగకు మిమ్మల్ని ఒక్క మాట అడుగుతా.”

“ఏం మాట తాతా?” అన్నాడు పెద్దోడు.

“ఇప్పుడే చెప్తే దానికి తగినట్టు కొంటారు. పోండి.”

మిల్లు అంటే ఊరి చివర మూతబడిన రైస్ మిల్లు. తాత స్నేహితుడిదే. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఎకరా దాకా ఉంటుంది. ఒక పక్క మాత్రం గోడ, మిగతా మూడు పక్కలా బీడు.

పెద్దోడు వారం తిరక్కుండానే లాన్సర్ తెచ్చాడు. 1998 నుంచి హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు మిత్సుబిషితో కలిసి తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో తయారుచేసిన కారు. “మన ఊరి పక్కన పుట్టిన బండి తాతా!” అని మురిసిపోయాడు. అమ్మినవాడు దానికి ముందే లాన్సర్ ఎవొల్యూషన్ బంపరు తగిలించి, డిక్కీ మీద రెక్క నిలబెట్టి ఉంచాడు. పెద్దోడు మిగిలిన డబ్బుతో మోత సైలెన్సరు పెట్టించి, అల్లాయ్ చక్రాలు వేయించాడు. జపాను రోడ్ల మీద పేరు మోసిన ఎవొల్యూషన్‌కు టర్బో ఉంటుంది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోతుంది. తిరువళ్ళూరు లాన్సర్‌లో బలమంతా ముందు రెండు చక్రాలకే. బంపరు ఒకటే అయినంత మాత్రాన బండి ఒకటి కాదని వాడికి కళ్ళంలో తెలిసింది. హ్యాండ్ బ్రేకు లాగితే తోక గిర్రున తిరిగేది. చూసేవాళ్ళు ఈల వేసేవాళ్ళు. ఆ ఈల పూర్తయ్యేలోపల బండి ఆగిపోయేది.

“వెనక చక్రాలు ఊరికే వెంట వస్తా ఉండాయి రా,” అన్నాడు తాత. “లాగితే తోక తిరుగుతుంది, నిజమే. తిరిగినాక దాన్ని అట్లే పట్టి నడిపేదానికి ఆ చక్రాలకు బలం యాడిది?”

పెద్దోడు ఇంకా గట్టిగా తొక్కాడు. ముందు టైర్లు కీచుమంటూ అరిగాయి, ముక్కు మలుపు బయటికి తోసుకుపోయింది. మూడోసారి వచ్చినప్పుడు బంపరు గోడకు గీసుకుంది. ఆ గీత చూసి వాడు పడ్డ బాధ చూడలేకపోయాం అన్నారు చూసినవాళ్ళు. తర్వాత బండిని కవరు కప్పి పందిరి కింద పెట్టాడు.

నడిపోడు తెలివైనవాడు. ముందు చక్రాల బండి పనికిరాదని వాడికి ముందే తెలుసు. వీడియోలు చూసి చూసి నిస్సాన్ సిల్వియా తప్ప ఇంకొకటి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. సిల్వియా తయారీ 2002లోనే ఆగిపోయింది. మూడేళ్ళు దాటిన వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి మన నిబంధనలు ఒప్పవు. అయినా వాడు ఆశ వదలలేదు. ఎవరో ఎక్కడో తెచ్చిన బండి ఉందట, వాళ్ళు అమ్ముతారట. ఈలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని రేసు సీటు కొన్నాడు. తోలు స్టీరింగు కొన్నాడు. చివరికి నిటారుగా నిలబడే హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేకు లివరు తెప్పించి, ఇంట్లో చదువుకునే బల్లకు బోల్టులతో బిగించాడు. రాత్రిళ్ళు భోజనం చేశాక దాన్ని రెండుసార్లు లాగి పడుకునేవాడు. బండి లేని హ్యాండ్ బ్రేకు పాండూరులో అదొక్కటే.

చిన్నది తాతనే వెంటబెట్టుకుని తిరుత్తణి పోయింది. అక్కడ రిటైరైన ఒక అయ్యవారి షెడ్డులో ప్రీమియర్ 118ఎన్ఈ ఉందని విన్నది. రంగు వెలిసిపోయింది. ఒక తలుపు వేరే బండిది. చిన్నదానికి ముఖం చిన్నబోయింది.

“సంతలో ఎద్దును కొనేవాడు రంగు చూడడు అమ్మీ, నోరు తెరిచి పండ్లు చూస్తాడు. కారుకు పండ్లు కింద ఉంటాయి,” అని తాత లుంగీ ఎగగట్టి బండి కింద దూరాడు.

వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తించి, గేరు న్యూట్రల్లో పెట్టించి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాడు. రెండో చక్రం ఎదురు దిక్కుకు తిరిగింది. మామూలు డిఫరెన్షియల్, ఎవరూ వేలు పెట్టలేదు. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టును రెండు చేతులా పట్టి అటూ ఇటూ మెలితిప్పాడు. వెనక కొసన టక్కుమంది. “జాయింట్ క్రాస్ పోయింది. మంచిదే, ధర తగ్గుతుంది,” అన్నాడు. చిన్నదాన్ని లోపలి మ్యాట్లు లేపి చూడమన్నాడు. డ్రైవరు కాళ్ళ దగ్గర కాస్త తుప్పు ఉంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగలేదు. వెనక ఇరుసును పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర రేకు గట్టిగా ఉంది. “తలుపు ఎవరైనా మార్చుకుంటారు, ఈ బ్రాకెట్లు విరిగితే బండే పోతుంది,” అన్నాడు తాత. నడిపి చూస్తే మూడు నుంచి రెండో గేరుకు దించేటప్పుడు గరగరమంది. ఆ గరగర కూడా బేరంలో చేరింది. అయ్యవారు గొణుక్కుంటూ యాభై ఐదు వేలకు ఇచ్చారు.

మిగిలిన డబ్బును చిన్నది సోకులకు పెట్టలేదు. రేడియేటరు విప్పించి కడిగించింది, హోసులన్నీ కొత్తవి వేయించింది, క్లచ్ ప్లేటు మార్పించింది. నాలుగు చక్రాలకూ బ్రేకులు చూపించింది. మంచి హెల్మెట్, గట్టి సీటు బెల్టు కొన్నది. ముందుకు రెండు కొత్త టైర్లు. వెనకకు మాత్రం పంక్చరు కొట్లో మూలపడ్డ పాత టైర్లను కట్టగా బేరమాడింది.

మొదటిరోజు కళ్ళంలో నవ్వులపాలైంది. 52 హార్స్‌పవర్ బండి పొడి సిమెంటు మీద జారనే లేదు. ఎంత తొక్కినా బుద్ధిగా గుండ్రంగా తిరిగింది. పెద్దోడు పక్కన నిలబడి వీడియో తీశాడు. తాత ఏమీ అనకుండా పోయి వెనక టైర్లలో గాలి ఎక్కువ పట్టించాడు. మిల్లు బోరు నుంచి పైపు లాగి కళ్ళం తడిపించాడు. నడుమ ఒక పాత లారీ టైరు పెట్టి, “దీని చుట్టూ తిరుగు. సెకండ్ గేరు. వేరే పని ఏమీ వద్దు,” అన్నాడు.

తిరిగింది. బొంగరంలా గిరగిరా తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగింది. బండికి బలం తక్కువ కాబట్టి జారేదీ నిదానంగానే. తోక వదిలిందని నడుముకు తెలిసేసరికి చేతులకు స్టీరింగు తిప్పే సమయం ఉండేది. యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలేస్తే తోక ఎదురు దిక్కుకు విసురుతుందని, పూర్తిగా తొక్కి ఉంచితే గిరగిరా తిరుగుతుందని, రెండింటి నడుమ పాదం నిలిచే చోటు ఒకటి ఉందని మెల్లగా పట్టుకుంది. ఎడమ చుట్టు వచ్చింది. కుడి చుట్టు రావడానికి అంతకు రెట్టింపు పట్టింది. తర్వాత రెండు టైర్లు పెట్టి ఎనిమిది అంకె వేసింది.

కత్తిరి ఎండల్లో ఒకరోజు ఉష్ణోగ్రత ముల్లు పైకెక్కింది. చిన్నది చూసుకోలేదు. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. తాతా మనవరాలూ హెడ్ విప్పి, లాత్‌లో చదును చేయించి, మద్రాసు పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో వెతికి గ్యాస్కెట్ తెచ్చారు. ఆ వారంలోనే బండి మళ్ళీ కళ్ళం ఎక్కింది.

“ఏడుపు రాలేదా అమ్మీ?”

“దీనికి ఏడిస్తే జనం నవ్వుతారు తాతా.”

ఆ తర్వాత తాత డిఫరెన్షియల్ విప్పించి లోపలి చిన్న గేర్లను కలిపి వెల్డింగు చేయించాడు. అంతవరకూ ఒక్క లోపలి చక్రమే ఊరికే తిరిగి పొగ పెట్టేది. ఇప్పుడు రెండూ ఒకటిగా తిరిగాయి, జారుడు నిలబడింది. అలాంటి బండి రోడ్డు మలుపుల్లో టైర్లను ఈడ్చుకుంటూ పోతుంది, ఇరుసు షాఫ్టు మీద భారం పడుతుంది. అందుకని ఆనాటి నుంచి దాన్ని మిల్లుకు ట్రాక్టరుకు కట్టి లాక్కుపోయేవాళ్ళు. ఊరంతా చూసి నవ్వేది.

ఆడికృత్తిక వచ్చింది. తిరుత్తణి కొండకు కావళ్ళు కదిలాయి. కొండ దిగి వచ్చాక తాత అరుగు మీద కూర్చుని అడిగాడు: “ఈ ఏడాదిలో ఎన్ని చుట్లు తిరిగినారు?”

పెద్దోడు వేళ్ళ మీద లెక్క చెప్పి, సగంలో ఆపేశాడు. నడిపోడు బల్ల వైపు చూశాడు. చిన్నది, “చుట్లు లెక్కపెట్టలేదు తాతా. వెనక టైర్లయితే ఇరవై రెండు అయిపోయినాయి,” అంది. తర్వాత నడిపోడి వైపు తిరిగి, “అన్నా, ఆ లివరు నాకిస్తావా?” అంది.

“ఇంకొక ఏడాది దాని జోలికి పోవద్దు,” అన్నాడు తాత.

లాన్సర్‌కు అన్యాయం చేయకూడదు. అది చెడ్డ బండి కాదు. దాని తమ్ముడు సీడియా భారత ర్యాలీల్లో ఏళ్ళ తరబడి గెలిచింది. పెద్దోడు రెక్క, బంపరు పీకేసి దాన్ని మట్టి మైదానంలో జరిగే ఆటోక్రాస్‌కు తీసుకుపోయాడు. అక్కడ ముందు చక్రాల లాగుడు వాడికి బాగా కలిసొచ్చింది.

*

నీతి: డ్రిఫ్టింగుకు మొదటి బండి కొనేవాడు దాని ధరను అది తిరగగల చుట్లతో భాగించి చూడాలి. లక్షన్నరకు పది చుట్లు తిరిగిన బండి ఖరీదైనది. యాభై ఐదు వేలకు కొని, మరో తొంభై వేలు టైర్లకూ గ్యాస్కెట్లకూ పోసి, వేల చుట్లు తిరిగిన బండి చవకైనది.

ఇది పాండూరు లెక్క మాత్రమే కాదు. డ్రిఫ్టింగుకు ప్రపంచమంతా పేరు తెచ్చిన కేయిచి సుచియా జపాను కొండదారుల్లో జారి చూపినది టొయోటా ఏఈ86 మీద. 1983 నుంచి 1987 దాకా తయారైన మామూలు కరోలా అది. 1.6 లీటరు ఇంజను, టన్నుకు లోపు బరువు, బలం వెనక చక్రాలకు. కుర్రవాళ్ళ జేబుకు అందే బండి. 1995లో మొదలైన ఇనిషియల్ డి బొమ్మల కథలో దాన్నే హీరో బండిని చేశారు, ఆ తర్వాత దాని ధర కొండెక్కింది. ఇప్పుడు ఏఈ86 కొనుక్కుని నేర్చుకుందామనుకునేవాడు సుచియాను అనుసరించడం లేదు, ఆయన బొమ్మను కొంటున్నాడు. రష్యాలో మంచు మీద జారడం నేర్చే కుర్రవాళ్ళకు చాలాకాలం పాత లాడాలే దిక్కు. ఆ లాడా పుట్టింది ఫియట్ 124 నుంచి. మన 118ఎన్ఈ కూడా ఆ ఫియట్ 124 ఒంట్లో నిస్సాన్ 1.2 లీటరు ఇంజను పెట్టినదే. తాతకు ఈ చుట్టరికం తెలియదు. బండి కింద దూరి చూస్తే అదే కనబడుతుంది: నిడుపాటి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక గట్టి ఇరుసు, ఎవరైనా విప్పి బిగించగల ఇంజను.

మన రేసు చరిత్రలోనూ ఇదే జరిగింది. 1980ల చివర కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు చేశాడు. ఏ ఊళ్ళోనైనా దొరికే ఇంజను, ఏ ఊళ్ళోనైనా దొరికే సామాను. దాని మీద ఒక తరం రేసులు నేర్చింది. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదట ఎక్కిన మెట్టు కూడా అదే.

అంటే వెనక చక్రాల బండి ఏదైనా కొనేయమని కాదు. కాంటెస్సా అందంగా జారుతుంది, ఇసుజు 1.8 ఇంజను ఉన్నదైతే బలమూ ఉంది. కానీ ఇప్పుడు దాన్ని ముచ్చటకు దాచుకునేవాళ్ళు ఎక్కువై ధర పెరిగింది, అద్దం పగిలితే వెతుక్కోవాలి. అంబాసిడర్‌కు టాక్సీల పుణ్యమా అని సామాను దొరుకుతుంది. బరువు ఎక్కువ, కమాను పట్టీల మీద వెనక ఇరుసు ఎగిరిపడుతుంది. నేర్చుకోవచ్చు గానీ ఓపిక కావాలి. ఆమ్నీ జోలికి మాత్రం పోవద్దు. బలం వెనక చక్రాలకే, ధరా తక్కువే, నిజం. సన్నగా ఎత్తుగా ఉండి పక్కకు జారుతూ దేనికైనా తగులుకుంటే బోల్తా పడుతుంది. మోకాళ్ళ ముందు రేకు తప్ప ఇంకేమీ లేదు. జిప్సీ, సుమో, క్వాలిస్ కూడా ఎత్తు బండ్లే. వాటికి వేరే పనులున్నాయి.

ఎక్కడ జారాలన్న మాట కూడా బండితో పాటే తేల్చుకోవాలి. రోడ్డు మీద అయితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపిన కేసు, పందెం కడితే 189. చట్టం సంగతి అలా ఉంచినా, తిరుత్తణి దారిలో కావడి మోసుకుంటూ నడిచేవాళ్ళు, పాలడబ్బాల సైకిళ్ళు, రోడ్డు దాటే మేకలు ఉంటాయి. చుట్టూ గోడలకు దూరంగా, యజమాని అనుమతి ఉన్న కళ్ళం దొరకనివాడు బండి కొనడం వాయిదా వేసుకోవడమే మేలు.

దొరికినవాడు చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక మేస్త్రిని వెంట తీసుకుపోవాలి, పొద్దున్నే పోవాలి. ఇంజను చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి నూనె తెట్టె ఉందేమో చూడాలి. ఆయిల్ పుల్ల లాగి పాల మీగడ రంగు ఉందేమో చూడాలి. చల్లని ఇంజను మొదటిసారి స్టార్టు అయినప్పుడు ఏ రంగు పొగ వస్తుందో వెనక నిలబడి చూడాలి. మీరు చేరేసరికి బానెట్ వేడిగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్టు చేసి ఉంచాడన్నమాట. బేరం మాట్లాడకుండా ఆయన ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసి, మర్నాడు పొద్దున చెప్పకుండా మళ్ళీ వెళ్ళండి.